తెల్లవారుజాము సందేహాలు

శంషాబాద్ దాటాక విమానాశ్రయం ప్రహరీ వెంబడి పోయే రోడ్డు మీద ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. దిగే విమానాలు దాని మీదుగానే పోతాయి. పాఠం మధ్యలో విమానం వస్తే టీచర్లు మాట ఆపేస్తారు. పిల్లలు తలలెత్తి చూడరు, అలవాటైపోయింది. చప్పుడు దాటిపోయాక వాక్యం ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలవుతుంది. ఫిజిక్స్ చెప్పే ప్రసన్నలక్ష్మికి ఆ అరనిమిషాలంటే ఇష్టం. ఆ కాసేపూ క్లాసురూము నీళ్ళ అడుగున ఉన్నట్టు, పిల్లల ముఖాలు ఎక్కడో లోతులో మెల్లగా ఊగుతున్నట్టు అనిపించేది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇరవై ఒక్క ఏళ్ళ సర్వీసు. భర్త ఉద్యోగం నిజామాబాద్‌లో. రెండు వారాలకోసారి వచ్చి పోతాడు. ఆమె శంషాబాద్‌లో ఒక ఇంటి పై వాటాలో కిరాయికి ఉంటూ స్కూటీ మీద బడికి వస్తుంది. తెల్లవారకముందే లేచి, చాయ్ పెట్టుకుని, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆమెకు ఏళ్ళనాటి అలవాటు.

ఆ జూన్‌లో బడి తెరిచిన వారానికి పదో తరగతి పిల్లలందరికీ ట్యాబ్‌లు వచ్చాయి. వాటిలో 'మెట్లు' అనే యాప్ ఉంది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చిన్న వీడియో పాఠం, దాని కింద ప్రశ్నలు. జవాబులు సరిగ్గా పెడితే పై మెట్టుకు పోతారు. తప్పితే కింది తరగతి పాఠం వస్తుంది. టీచర్ల ఫోన్లలో పిల్లల పేర్ల పక్కన రంగులు కనిపిస్తాయి. బాగా చదివేవారికి పచ్చ, నడిమి వారికి పసుపు, వెనుకబడ్డవారికి ఎరుపు. ఎర్ర రంగు పిల్లలను సాయంత్రం గంటసేపు ఆపి, మొదటి నుంచి చెప్పాలి. ఏ రంగులో ఎందరున్నారో హెడ్మాస్టర్ శంకరయ్య ప్రతి శనివారం మండలానికి పంపాలి.

యాప్‌లో 'సందేహం' అని ఒక బటన్ కూడా ఉంది. దాన్ని నొక్కి మాట్లాడితే మాటలు అక్షరాలై టీచరు ఫోన్‌కు చేరతాయి. జూన్ నెలంతా దాన్ని నొక్కింది ఒక్కడే. దీంట్లో గేమ్స్ ఎప్పుడు వస్తాయని అడిగాడు.

జూలై రెండో వారంలో ఒక తెల్లవారుజామున, రాత్రి కురిసిన వాన ఇంకా చూరు నుంచి చుక్కలుగా పడుతుండగా, ప్రసన్నలక్ష్మి ఫోన్ చిన్నగా మోగింది. ఐదుంపావు. అనుపమ, పదో తరగతి. ప్రశ్న ఇలా ఉంది:

"పైపుతోని నీళ్ళు కొడితే ఎండకు సింగిడి కనవడ్తది. నేను పక్కకు జరిగితే అది గూడ నాతోని జరుగుతది. మరి ఆ రంగులు నీళ్ళల్ల ఉన్నయా, నా కండ్లల్ల ఉన్నయా?"

ప్రసన్నలక్ష్మి చాయ్ గ్లాసు కింద పెట్టింది. సింగిడి అన్న మాట ఆమె తన నాయనమ్మ నోట విన్నది. పుస్తకంలో ఇంద్రధనుస్సే ఉంటుంది. వానచినుకుల్లో వెలుగు ఎలా విడిపోతుందో ఆమె కొన్ని వందలసార్లు చెప్పింది. బొమ్మ గీయించింది. మార్కులు వేసింది. కానీ పక్కకు జరిగితే అది ఎందుకు జరుగుతుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆమె తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు. కాసేపు ఆలోచించి రాసింది:

"రంగులు ఎండలోనే ఉన్నాయి. నీటి చుక్కలు వాటిని విడదీస్తాయి. ఏ చుక్క నుంచి ఏ రంగు నీ కంటికి చేరుతుందన్నది నువ్వు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది. నువ్వు జరిగితే వేరే చుక్కలు నీకు రంగులు పంపుతాయి. అందుకే అది నీతో వచ్చినట్టు కనిపిస్తుంది."

రెండు నిమిషాలకే జవాబు వచ్చింది. "అంటే నా పక్కన నిలవడ్డామె చూసేది నా సింగిడి కాదా?"

"కాదు. ఎవరి సింగిడి వాళ్ళదే."

ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆమె బాల్కనీలో అలాగే కూర్చుంది. తూర్పున మబ్బు చీలి సన్నని వెలుగు గీత పడింది. ఎవరి సింగిడి వాళ్ళదే అన్న మాట తానే రాసిందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

అనుపమ కిటికీ పక్క మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కబడ్డీ బాగా ఆడుతుంది. క్లాసులో నోరు విప్పదు. ఆ రోజు ప్రసన్నలక్ష్మి ఆమె వైపు చూసి నవ్వింది. అనుపమ తల దించుకుంది. సిగ్గు అనుకుంది టీచరు. మాట్లాడలేని పిల్లలకు ఈ బటన్ ఎంత మేలు చేస్తోందో అనుకుంది. ట్యాబ్‌లు వచ్చిన రోజు వాటి మీద విసుక్కున్నందుకు మనసులో కాస్త నొచ్చుకుంది కూడా.

అప్పటి నుంచి వారానికి రెండు మూడు సందేహాలు వచ్చేవి. అన్నీ ఐదుకూ ఐదున్నరకూ నడుమే.

"విమానం సప్పుడు వచ్చే దిక్కు చూస్తే ఆడ విమానం ఉండది. ముందుకు పోయి ఉంటది. మరి మనం రాత్రి చూసే చుక్కలు గూడ ఆడ ఉండయా?"

ఆ రోజు ప్రసన్నలక్ష్మి జవాబు రాసి, చెరిపి, మళ్ళీ రాసింది. వెలుగుకు కూడా ప్రయాణానికి సమయం పడుతుందనీ, కొన్ని చుక్కల వెలుగు మన తాతల తాతల కాలంలో బయలుదేరి ఇప్పుడు చేరుతోందనీ చెప్పింది. "అయితే మనకు కనవడేదంత ఎన్నడిదో పాతదేనా మేడం" అని వచ్చింది. ఆ మాట పట్టుకుని ఆమె రోజంతా తిరిగింది. స్టాఫ్‌రూములో ఎవరో పిలిస్తే రెండోసారికి గానీ పలకలేదు.

మరో రోజు: "పొద్దుగాల మసక మసకగ ఉన్నప్పుడు ఎయిర్‌పోర్టుల ఎర్రలైట్లు దూరంకెల్లి గూడ కనవడ్తయి. నీలి లైట్లు కనవడయి. ఎందుకు?" గాలిలోని సన్నని రేణువులు నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడతాయనీ, ఎరుపు అంతగా చెదరక దూరం పోతుందనీ, ప్రమాదం దగ్గర ఎర్రదీపం పెట్టేది అందుకేననీ ఆమె రాసింది.

అనుపమ పేరు పక్కన పచ్చరంగు చిక్కబడుతూ పోయింది. లెక్కల్లోనూ సైన్సులోనూ క్లాసులో అందరికంటే పై మెట్టు ఆమెదే. ఆగస్టు చివర్లో మండల స్థాయి సైన్స్ క్విజ్ ఉందని తెలిసినప్పుడు ప్రసన్నలక్ష్మి మరో పేరు ఆలోచించలేదు.

"నేను పోను మేడం," అంది అనుపమ.

"ఎందుకు? భయమా?"

పిల్ల బెంచీ అంచు పట్టుకుని నిలబడింది. "నేనుంటా కదా బిడ్డా," అంది టీచరు.

క్విజ్ శంషాబాద్‌లోనే ఒక బడి హాల్లో జరిగింది. అనుపమ స్టేజీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేదు. మూడో ప్రశ్న ఆమె వంతుకే వచ్చింది. ప్రమాదాన్ని సూచించే దీపాలు ఎరుపు రంగులోనే ఎందుకుంటాయి?

ప్రసన్నలక్ష్మి ముందు వరుసలో కూర్చుని ఉంది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. అనుపమ మైకు వైపు చూసింది, తర్వాత టీచరు వైపు చూసింది. ఆమె కళ్ళలో ఏమీ లేదు. మరచిపోయిన చూపు కాదది. అసలు ఎన్నడూ వినని చూపు. గంట మోగింది. ప్రశ్న పక్క బడికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరే ఉన్నారు. సన్నగా తుంపర పడుతోంది. ఆటోవాడు పక్కల పరదాలు దించాడు. లోపల అంతా పసుపు పచ్చని వెలుతురు.

"ఎరుపు సంగతి నువ్వే నన్ను అడిగినవ్ కదా అనుపమా," అంది ప్రసన్నలక్ష్మి మెల్లగా. "నేను జవాబు గూడ రాసిన."

అనుపమ పరదా అంచును వేలికి చుట్టుకుంటూ ఉంది. తలెత్తకుండానే అంది, "నేను అడగలే మేడం."

"మరి?"

"మా అమ్మ."

ఆ రెండు మాటలు బయటికి వచ్చాక ఏడుపు వచ్చింది. వెక్కిళ్ళ మధ్య సంగతంతా తెలిసింది. వాళ్ళమ్మ భాగ్యలక్ష్మి విమానాశ్రయం రోడ్డు పక్క మొక్కలు పెంచే నర్సరీలో కూలీగా పనిచేస్తుంది. పనికి తీసుకుపోయే బస్సు ఐదూ నలభైకి వస్తుంది. ఆమె నాలుగున్నరకే లేచి, పొయ్యి మీద అన్నం ఉడికేదాకా కూతురి ట్యాబ్ ముందు కూర్చుంటుంది. మొదట్లో బిడ్డ ఏం చదువుతోందో చూద్దామనే తెరిచింది. తర్వాత పాఠాలు వినసాగింది. ఆ తర్వాత ప్రశ్నలకు జవాబులు పెట్టసాగింది.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"పచ్చరంగు వస్తుండె గద మేడం. సాయంత్రం క్లాసుకు ఉండే పని లేకుండె. కబడ్డీకి పోతుంటి." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, "ఇగ అమ్మ గూడ మస్తు ఖుషీగ ఉంటుండె."

మర్నాడు ప్రసన్నలక్ష్మి స్టాఫ్‌రూములో ఒక తెల్లకాగితం మీద నాలుగు లెక్కలు వేసి అనుపమ ముందు పెట్టింది. రెండు భిన్నాలు కూడటం, ఒక శాతం, ఒక నిష్పత్తి, ఒక చిన్న సమీకరణం. అనుపమ పెన్సిలు కొరుకుతూ పది నిమిషాలు కూర్చుంది. భిన్నాలలో పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడింది. మిగతావి ముట్టుకోలేదు.

టీచరు ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఈ పిల్ల తన ఎదుటే మూడు నెలలు కూర్చుంది. నోట్‌బుక్కు తెరిచి చూస్తే తెలిసిపోయేది. బోర్డు దగ్గరికి పిలిస్తే తెలిసిపోయేది. సిగ్గరి పిల్లను ఇబ్బంది పెట్టవద్దని పిలవలేదు. తెల్లవారుజామున వచ్చే ఆ అందమైన ప్రశ్నల మత్తులో, వాటిని అడిగే గొంతు ఈ పిల్లదేనా అని ఒక్కసారైనా ఆగి వినలేదు.

శంకరయ్య సారు కాగితం చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి. ఆ నెల వాళ్ళ బడి మండలంలో మొదటి స్థానంలో ఉంది.

"మనం పిల్లను చూసుడు బంద్ చేసి పచ్చరంగును చూసినం మేడం," అన్నాడు.

"తప్పు నాది సార్."

"మీ ఒక్కరిదే ఎట్లయితది? ప్రతి శనివారం సంతకం చేసింది నేనే గద." ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, అనుపమ పేరు మీద ఇంతవరకు పంపిన వివరాలు నిజం కావనీ, వాటిని రద్దు చేసి మళ్ళీ మొదటి మెట్టు నుంచి పెట్టాలనీ పైకి ఉత్తరం రాశాడు. అక్షరం అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. బడి స్థానం మొదటి నుంచి ఆరుకు పోయింది.

ఆదివారం పొద్దున ప్రసన్నలక్ష్మి నర్సరీకి వెళ్ళింది. అది విమానాశ్రయం గోడకు ఇవతల, ఆకుపచ్చ వలల కింద, ఎకరాల కొద్దీ ఉంది. వరసలు వరసలుగా నల్లని కవర్లలో మొక్కలు. వల గుండా జారిన ఎండ నేలంతా సన్నని గళ్ళుగా పరుచుకుని, గాలి వీచినప్పుడల్లా కదులుతోంది. కుర్మయ్య అనే మేస్త్రీ ఆమెను లోపలికి తీసుకుపోయి, "భాగ్యమ్మా, బడి మేడం వచ్చింది" అని కేకేసి పక్కకు పోయాడు.

భాగ్యలక్ష్మికి ముప్పై ఐదేళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉంది. చేతిలో నీళ్ళ పైపు ఉంది. టీచరును చూడగానే ఆమె ముఖం తెల్లబడింది.

"బిడ్డ అంత చెప్పింది మేడం," అంది. "మూడు దినాలాయె, నేను ఆ ట్యాబ్ ముట్టలే. ఇగ జన్మల ముట్ట."

"నేను కొట్లాడటానికి రాలేదు."

"కొట్లాడినా తప్పు లేదు. నా బిడ్డ సదువు నేను తిన్న మేడం. దానికి ఏదో వస్తుందని అనుకున్న గని, నేను పెట్టే జవాబులతోని దానికి వచ్చేది గూడ పోతుందని నాకెర్క లేకపాయె." పైపులోంచి నీళ్ళు ఆమె కాళ్ళ మీదే పడుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

ప్రసన్నలక్ష్మి పక్కనున్న ఇటుకల దొంతి మీద కూర్చుంది. "మీరు ఎంతవరకు చదువుకున్నరు?" అని అడిగింది.

"తొమ్మిది. మా ఊరు ఆ గోడ లోపల ఉండె. ఎయిర్‌పోర్టు వస్తుందని అందరం లేచి ఇటు వచ్చినం. గప్పుడే మా అవ్వకు పానం బాగలేక దవాఖానల పడ్డది. చెల్లె చిన్నది. ఇంట్ల నేనే ఉండాల్సొచ్చింది. ఎవ్వలు బడి మాన్పలే మేడం, అదే పోయింది." ఆమె గోడ వైపు చూసింది. "సైన్స్ సారు మస్తు చెప్తుండె. ఏదన్న అడిగితే పుస్తకం మూసి చెప్తుండె. మీరు రాసినప్పుడల్ల ఆ సారే యాదికొచ్చేది."

"మీరు అడిగినవి ఇరవై ఏళ్ళల్ల నన్నెవరూ అడగలేదు," అంది ప్రసన్నలక్ష్మి.

భాగ్యలక్ష్మి కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఎగతాళి కాదు కదా అన్నట్టు కాసేపు ఆ ముఖాన్నే వెతికింది. తర్వాత, ఏం చేయాలో తోచనట్టు, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్ళను పైకి చిమ్మింది. వలకు అవతల ఖాళీ జాగాలో తుంపర లేచింది. ఇద్దరి వీపులకూ పొద్దుటి ఎండ ఉంది. తుంపరలో రంగుల వంపు ఒకటి మెల్లగా తేలింది.

"నాకు కనవడ్తుంది," అంది భాగ్యలక్ష్మి.

"నాకు గూడ."

ప్రసన్నలక్ష్మి లేచి ఆమె పక్కన నిలబడింది. ఎవరిది వారు చూసుకున్నారు.

ఆ వారం నుంచి పనులు నెమ్మదిగా సాగాయి. అనుపమ పేరు పక్కన ఎర్రరంగు వచ్చింది. సాయంత్రం క్లాసులో మరో పదకొండు మందితో కలిసి ఆమె భిన్నాలు మళ్ళీ మొదలుపెట్టింది. ప్రసన్నలక్ష్మి ఒక కొత్త పద్ధతి పెట్టింది. యాప్‌లో ఎవరే మెట్టు మీదున్నా, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ప్రతి పిల్లా ఆ వారం నేర్చుకున్నది ఒక్క విషయం లేచి నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే కూర్చోవచ్చు, తిట్లు ఉండవు. మొదటి శుక్రవారం పచ్చరంగు పిల్లల్లో ఏడుగురు చెప్పలేక కూర్చున్నారు. ఒకడికి అన్న, ఒకమ్మాయికి ట్యూషన్ సార్, ఇంకొందరికి పక్కింటివాళ్ళు ఫోనులో వెతికి జవాబులు చెబుతున్నారని అప్పుడు తేలింది. శంకరయ్య సారు నెత్తి పట్టుకుని, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

భాగ్యలక్ష్మి సంగతి కూడా ఆయనే కదిలించాడు. "పదోది ఓపెన్ స్కూల్‌ల రాయొచ్చు గదా. సెంటర్ మన బళ్ళెనే ఉన్నది. దరఖాస్తు ఆఖరు తారీకు ఇంక పోలే," అన్నాడు. పాత బడి రికార్డు కోసం ఆయనే మండలాఫీసుకు రెండుసార్లు తిరిగాడు. సెంటర్‌లో చేరింది కాబట్టి ఆమె కూడా బడి విద్యార్థేననీ, యాప్‌లో ఆమెకు సొంత ఖాతా ఇవ్వాలనీ పట్టుపట్టాడు.

తీరా పేరు ఎక్కించబోతే యాప్ ఒప్పుకోలేదు. పుట్టిన సంవత్సరాల జాబితా పిల్లల వయసుల దగ్గరే ఆగిపోయింది. ఎంత కిందికి జరిపినా భాగ్యలక్ష్మి పుట్టిన ఏడాది లేదు. ఆ యాప్ చేసిన సంస్థకు ప్రసన్నలక్ష్మి ఫోన్ చేసింది. అవతలి యువకుడు అర్థం కానట్టు, "స్టూడెంట్ వయసు ముప్పై ఐదా మేడం? పొరపాటు పడలేదు కదా?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె ఓపికగా మొత్తం చెప్పింది. "మా అమ్మ కూడా ఎనిమిదితో ఆపేసిందండీ," అన్నాడు చివరికి. పదిహేను రోజులకు ఆ జాబితా పొడుగైంది.

ఈసారి భాగ్యలక్ష్మి తన పాత ఫోనులో తన పేరుతోనే చదివింది. మొదటి పరీక్షలో యాప్ ఆమెను సైన్సులో పై మెట్టు మీదా, ఇంగ్లీషులో నాలుగో తరగతి మెట్టు మీదా నిలబెట్టింది. ఐదింటికి మళ్ళీ సందేహాలు రావడం మొదలైంది. చలికాలం వచ్చింది. ప్రసన్నలక్ష్మి బాల్కనీ ముందు ప్రపంచమంతా పొగమంచులో మునిగి ఉండేది. ఎదుటి ఇళ్ళు, కరెంటు స్తంభాలు, రోడ్డు ఏవీ ఉండేవి కావు. ఆ తెల్లదనం లోపల ఎక్కడో ఒక పొయ్యి దగ్గర ఒక మనిషి మేలుకుని ఆలోచిస్తోందని ఆమెకు తెలుసు. అది చాలనిపించేది.

అనుపమకు మాత్రం అంత సులువుగా లేదు. డిసెంబర్‌లో ఒక సాయంత్రం అందరూ పోయాక బెంచీ దగ్గరే నిలబడింది.

"మా అమ్మ నాకన్న మస్తు తెలివైంది మేడం," అంది. "ఇంట్ల పక్కన కూసుంటే నాకు సిగ్గయితది. నేను ఒక లెక్క చేసేటాలకు ఆమె నాలుగు చేస్తది. ఆపి నాకు చెప్తనంటది. నాకు వద్దనిపిస్తది."

ప్రసన్నలక్ష్మి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. ధైర్యం చెప్పే మాటలు నోటిదాకా వచ్చాయి గానీ అవి అబద్ధంలా తోచాయి. "వద్దంటే చెప్పించుకోకు," అంది. "లెక్కలు ఇక్కడ చెయ్. ఇంట్ల నీకిష్టమైంది చదువు. నీకు ఏది సులువనిపిస్తది?"

అనుపమ ఆలోచించింది. "ఇంగ్లీషు," అంది. "ఒకటో తరగతికెల్లి ఇంగ్లీషు మీడియమే గద మేడం. అమ్మది తెలుగు మీడియం. 'సైన్స్'ల ఆ 'సి' ఎందుకుంటదని రోజు కొట్లాడ్తది." చెప్తూ చెప్తూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకు ఆమెకే ఆశ్చర్యమేసినట్టుంది.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో టీచరుకు తెలియదు. కానీ నాలుగైదు రోజుల తర్వాత భాగ్యలక్ష్మి నుంచి సందేహం రాలేదు, ఒక వాక్యం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో, తప్పులతో, తన పేరూ, ఊరూ, తాను చేసే పనీ. కింద తెలుగులో, "అనుపమ దిద్దింది మేడం. నాకు పదికి మూడు మార్కులే ఏసింది" అని ఉంది.

మార్చిలో అనుపమ పరీక్షలు రాసింది. ఏప్రిల్‌లో భాగ్యలక్ష్మి రాసింది. నర్సరీలో సెలవు దొరకడం కష్టమైతే కుర్మయ్య మేస్త్రీ ఆమె వంతు నీళ్ళు తానే పట్టాడు. అనుపమ అన్నిట్లో పాసైంది. లెక్కల్లో నలభై ఒకటి. ఆ నలభై ఒకటీ తనవేనని, ఒక్కో మార్కు ఎక్కడ వచ్చిందో చెప్పగలనని అందరికీ చెప్పుకుంది. భాగ్యలక్ష్మికి సైన్సులో ఎనభై ఎనిమిది వచ్చింది. ఇంగ్లీషు ఏడు మార్కులతో పోయింది. ఆ సంగతి చెప్పడానికి తల్లీకూతుళ్ళిద్దరూ బడికి వచ్చారు.

"పోతే పోనీ మేడం, ఇంకోపారి రాస్త," అంది భాగ్యలక్ష్మి. "మా టీచరే జర గట్టిగ చెప్పలే."

"నువ్వు వినలే," అంది అనుపమ వెంటనే. "నిద్ర పోతుంటివి."

ఇద్దరూ అక్కడే కాసేపు వాదులాడుకున్నారు. శంకరయ్య సారు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని వింటూ కూర్చున్నాడు.

అక్టోబర్‌లో భాగ్యలక్ష్మి ఇంగ్లీషు కూడా రాసి పాసైంది. అప్పటికి అనుపమ పాలిటెక్నిక్‌లో చేరి రోజూ బస్సులో పోయి వస్తోంది. నర్సరీలో మొక్కల పేర్ల పలకలు రాసే పని భాగ్యలక్ష్మికి అప్పజెప్పారని తెలిసి, ఒక ఆదివారం ప్రసన్నలక్ష్మి చూడడానికి వెళ్ళింది. ప్రతి వరస మొదట్లో కర్రకు కొట్టిన తెల్లని రేకు ముక్క, దాని మీద తెలుగులో, కింద ఇంగ్లీషులో గుండ్రని అక్షరాలు. కొన్నిటి రంగు ఇంకా ఆరలేదు. భాగ్యలక్ష్మి ముందు నడుస్తూ ఒక్కో పలక దగ్గరా ఆగి, వేలితో చూపిస్తూ, పేరును రెండు భాషల్లోనూ పైకి చదివింది. నందివర్ధనం, గన్నేరు, పొగడ, రేల. ప్రసన్నలక్ష్మి ఏమీ దిద్దలేదు. వల కింది నీడలో, తడిమట్టి వాసనలో, ఒక్కో పేరూ వింటూ వరస చివరిదాకా ఆమె వెంట నడిచింది.